కోసిన నాళం మళ్లీ కలిపించుకోవాలంటే: ఒక వైండింగ్ మేస్త్రీ చెప్పేది

మాది జమ్మికుంట. మోటార్ వైండింగ్ షాపు. ఎండాకాలం వస్తే కాలిపోయిన మోటార్లు షాపు ముందు వరసగా పడి ఉంటాయి, రైతులు బెంచీ మీద కూర్చుని కరెంటోళ్లను తిడుతుంటారు. ఏడాది నుంచి నాకు ఇంకో రకం గిరాకీ మొదలైంది. వీళ్లు మోటార్ తేరు. సాయంత్రం షట్టర్ సగం దించే వేళకు వస్తారు. లోపల ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి, "అన్నా, నువ్వు ఆ ఆపరేషన్ మళ్ల కలిపించుకున్నవంట గదా?" అంటారు.

నిజమే. 2014 డిసెంబర్‌లో వేసెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా మగవాళ్లకు శుక్రకణాలు వచ్చే నాళం కోసి కట్టేసే ఆపరేషన్, చేయించుకున్నాను, 2023 ఆగస్టులో హైదరాబాద్‌లో మళ్లీ కలిపించుకున్నాను. వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పడం కన్నా ఒకసారి రాసి పెడితే మంచిదని కూర్చున్నాను. నేను డాక్టర్ని కాదు. డాక్టర్లు నాకు చెప్పినవి, నేను చదివినవి, నా ఒంటి మీద జరిగినవి, ఇంతే.

ఎందుకు చేయించుకున్నానో కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ ముందు అదే అడుగుతారు. నా మొదటి భార్యకు రెండు కాన్పులూ సిజేరియనే. రక్తం తక్కువ. మళ్లీ ఆమె పొట్ట కోయించడం నాకు ఇష్టం లేక నేనే పేరు రాయించుకున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో దేశం మొత్తం మీద పెళ్లయిన జంటల్లో మగవాళ్ల ఆపరేషన్ 0.3 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లవి 70 శాతం దగ్గర. అంటే భారం ఎవరి మీద పడుతోందో తెలుస్తూనే ఉంది. నా వరకు ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనుకోను. 2021 మేలో కరోనా రెండో విడతలో ఆమె పోయింది. మరుసటి ఏడాది మళ్లీ పెళ్లి చేసుకున్నాను. పెళ్లిచూపుల్లోనే ఆపరేషన్ సంగతి చెప్పేశాను, దాచలేదు. పెళ్లయిన ఆర్నెల్లకు ఒక రాత్రి అన్నం తింటూ మా ఆమె ఒకే ఒక్కసారి అంది: "మళ్ల కలుపుతరంట గదా, ఒకసారి అడిగి చూద్దమా?" అప్పుడు ఆమెకు 31.

ముందు అడగాల్సింది: దేనిలో శాతం?

మేము మొదట వెళ్లిన సెంటర్‌లో గోడ మీద పెద్ద అక్షరాలతో "95 శాతం సక్సెస్" అని రాసి ఉంది. ఏసీ గది, నవ్వు ముఖం కౌన్సెలర్, టీ ఇచ్చారు. అడ్వాన్స్ పది వేలు కట్టి వచ్చాం. రైల్లో మా ఆమె అడిగింది, "వందలో తొంభై అయిదు మందికి పిల్లలు పుట్టిన్రనా?" నాకు అదే తట్టలేదు. మర్నాడు ఫోన్ చేసి అడిగితే అసలు సంగతి బయటపడింది. వీర్యంలో మళ్లీ శుక్రకణం కనబడితే వాళ్ల లెక్కలో అది సక్సెస్. ఒకే ఒక్క కణం కనబడ్డా సక్సెసే. ఆ పది వేలు ఇంతవరకు తిరిగి రాలేదు, దాన్ని నా ట్యూషన్ ఫీజు అనుకున్నాను.

మా పనిలో చెప్పాలంటే, జాయింట్ కొట్టాక టెస్ట్ ల్యాంపు పెడతాం. బల్బు వెలిగితే వైరు కలిసినట్టు. అంతే గానీ పొలంలో నీళ్లు పారుతాయని కాదు. నీళ్లు పారాలంటే బోరులో నీళ్లుండాలి, వోల్టేజీ ఉండాలి, పైపు పగలకుండా ఉండాలి. నాళం తెరుచుకోవడం ఒక లెక్క, కడుపు పండటం ఇంకో లెక్క. ఈ రెండు అంకెలూ విడివిడిగా చెప్పని చోట డబ్బు కట్టొద్దు.

మరి నిజమైన అంకెలు ఏమిటంటే, డాక్టర్లు ఇప్పటికీ ఎక్కువగా చూపించేది 1991లో అమెరికాలో అచ్చయిన ఒక పెద్ద లెక్క. అయిదు ఆసుపత్రుల్లో మైక్రోస్కోప్ కింద కలిపించుకున్న 1,469 మందిని చూశారు. వేసెక్టమీ అయి మూడేళ్లు కాకముందే వచ్చినవాళ్లలో 97 శాతానికి కణాలు తిరిగి వచ్చాయి, 76 శాతం మంది భార్యలకు గర్భం వచ్చింది. మూడు నుంచి ఎనిమిదేళ్లు అయినవాళ్లకు కణాలు 88 శాతం, గర్భం 53. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్లకు 79, 44. పదిహేనేళ్లు దాటితే 71, 30. పాతదే గానీ, ఏళ్లు గడిచే కొద్దీ ఏ అంకె ఎంత పడుతుందో ఇంత స్పష్టంగా చూపించేది నాకు వేరే కనబడలేదు.

నాకు అప్పటికి ఎనిమిదేళ్ల ఎనిమిది నెలలు. రెండు వరసల మధ్య గట్టు మీద ఉన్నాను. మా ఆమె కాగితం మీద సగానికి అటూ ఇటూ అని రాసి చుట్టూ గీత గీసింది. 95 విన్నాక సగం అంటే గుండె జారింది గానీ, ఆ అంకెతోనే మేము హైదరాబాద్ వెళ్లాం, ఆ అంకెతోనే ఇంటికి వచ్చాం.

ఇంకో మాట. నా ఏళ్ల కన్నా ఆమె ఏళ్లు ముఖ్యం. ఈ సంగతి మగవాళ్లకు చెప్తే ముఖం చిట్లిస్తారు. భార్యకు 35 దాటాక అవకాశం తగ్గుతూ వస్తుంది, 40 దాటితే బాగా పడిపోతుంది, నీ నాళం ఎంత బాగా కలిసినా సరే. మొన్న ఒకాయన వచ్చాడు. ఆపరేషన్ అయి నాలుగేళ్లే, భార్యకు 41. "నాకు నాలుగేళ్లేనన్నా, బాగుంటది గదా" అన్నాడు. నాలుగు సంగతి వదిలెయ్, 41 సంగతి ముందు డాక్టర్ని అడుగు అన్నాను.

ఏళ్లు గడిస్తే ఎందుకు చెడుతుంది

వేసెక్టమీ అయ్యాక వృషణం పని ఆపదు. కణాలు రోజూ తయారవుతూనే ఉంటాయి, బయటికి దారి లేక లోపలే కరిగిపోతాయి. వీర్యం మామూలుగానే వస్తుంది, ఎందుకంటే అందులో కణాల వాటా చాలా తక్కువ, మిగతా ద్రవమంతా పైనున్న గ్రంథుల నుంచి వస్తుంది. అందుకే చూసి తెలుసుకోలేం. మగతనం తగ్గుతుందనేది పుకారు. కలిపించుకుంటే పెరుగుతుందనేది కూడా పుకారే.

రైతులకు నేను ఇలా చెప్తాను. గేట్ వాల్వు మూసేసి మోటార్ ఆన్ చేసి వదిలేస్తే ఏమవుతుంది? ప్రెషర్ పెరిగి ఎక్కడ పైపు బలహీనంగా ఉందో అక్కడ పగులుతుంది. ఇక్కడ ఆ బలహీనమైన పైపు పేరు ఎపిడిడిమిస్. వృషణం వెనక అంటుకుని ఉంటుంది, చేతికి మెత్తని తాడులా తగులుతుంది. అందులో ఉన్నది ఒకే ఒక గొట్టం, సాగదీస్తే ఆరు మీటర్లట, అయిదారు సెంటీమీటర్ల చోటులో చుట్టచుట్టుకుని ఉంటుంది. డాక్టర్ ఈ మాట చెప్పినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. దేవుడు కూడా వైండింగ్ మేస్త్రీయే అన్నమాట. ఏళ్ల తరబడి ఒత్తిడి పడితే ఆ సన్న గొట్టం ఒకచోట చిట్లి, అక్కడ ఇంకో అడ్డం ఏర్పడుతుంది. అప్పుడు కోసిన చోట ఎంత అందంగా కలిపినా లాభం లేదు, అడ్డం కింద ఉంది కాబట్టి. ఆ అడ్డం దాటించి నాళాన్ని నేరుగా ఎపిడిడిమిస్‌కే కుట్టాలి. అది చాలా కష్టమైన పని, ఫలితం కూడా తక్కువ, కణాలు కనబడటానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది.

ఏ రకం కుట్టు పడుతుందో స్కాన్‌లో తెలియదు. థియేటర్‌లో నాళం కోసి చూశాకే తెలుస్తుంది. కాబట్టి డాక్టర్‌ను ఎంచుకోవడంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే: "సార్, లోపల చూశాక ఎపిడిడిమిస్‌కి కలపాల్సి వస్తే మీరే కలుపుతారా?" తడబడినా, "అంత అవసరం రాదులే" అన్నా, లేచి వచ్చేయండి. రెండో డాక్టర్ దగ్గర నాకు వచ్చిన జవాబు అదే. మూడో ఆయన మాత్రం కాగితం మీద బొమ్మ గీసి, ఎడమ వైపు ఇలా ఉంటే ఇది చేస్తా, అలా ఉంటే అది చేస్తా అని చూపించాడు. ఆయన దగ్గరే చేయించుకున్నాం.

మిగతా ప్రశ్నలు కూడా అడిగాను, సిగ్గుపడకుండా ఒక నోట్‌బుక్‌లో రాసుకుని. ఆపరేటింగ్ మైక్రోస్కోప్ వాడతారా, లేక కళ్లకు పెట్టుకునే భూతద్దమా? థియేటర్‌లోనే నాళంలోంచి వచ్చిన ద్రవాన్ని స్లైడ్ మీద పెట్టి చూస్తారా? కిందటి ఏడాది ఇవి ఎన్ని చేశారు? దొరికిన కణాలను ఫ్రీజ్ చేసే ఏర్పాటు ఉందా? ఆఖరి ప్రశ్నకు ఆయన నవ్వి, "ఇన్ని ప్రశ్నలు నా స్టూడెంట్లు కూడా అడగరు" అన్నాడు.

కలిపించుకోవాలా, ఐవీఎఫ్‌కి వెళ్లాలా

ఇంకో దారి ఉంది, అండాన్నీ కణాన్నీ ఒంటి బయట ల్యాబ్‌లో కలిపే ఐవీఎఫ్. అందులో మాలాంటి వాళ్లకు చేసే రకం, సూదితో ఎపిడిడిమిస్ లోంచో వృషణం లోంచో కణాలు తీసి, భార్య అండంలోకి ఒక్కో కణాన్ని ఎక్కించే ఇక్సీ. దీనికి నాళం కలపనక్కర్లేదు. కానీ భారమంతా ఆమె మీద పడుతుంది: పదీ పన్నెండు రోజులు ఇంజెక్షన్లు, స్కాన్లు, మత్తిచ్చి అండాలు తీయడం, ఒకసారి నిలవకపోతే మళ్లీ మొదటి నుంచి. ఆమె ట్యూబులు మూసుకుపోయి ఉన్నా, అండాల నిల్వ తక్కువున్నా, వయసు నలభైకి దగ్గర పడ్డా చాలామంది డాక్టర్లు ఇటే చూపిస్తారు, అది న్యాయమే. ఏడాది ఏడాదిన్నర ఆగే టైం అప్పుడు ఉండదు. చట్టం కూడా గుర్తుంచుకోవాలి. 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం ఈ చికిత్సలకు ఆడవాళ్లకు 50, మగవాళ్లకు 55 ఏళ్ల హద్దు ఉంది.

మా ఆమెకు 32 నడుస్తోంది, టెస్టులన్నీ బాగున్నాయి. మాకు కలిపించుకోవడమే మేలనిపించింది. పైగా ఆమె ఇంజెక్షన్ అంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషి.

కాబట్టి నీ ఆపరేషన్‌కి డేటు తీసుకోకముందే ఆమె టెస్టులు అయిపోవాలి. అండాల నిల్వ చూసే ఏఎంహెచ్ రక్త పరీక్ష, ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో చూసే ఎక్స్‌రే. చాలామంది ఇది వదిలేస్తారు. మగాడి కుట్టు మానాక ఆర్నెల్లు ఎదురుచూసి, అప్పుడు ఆమె ట్యూబులు మూసుకున్నాయని తెలిస్తే ఎలా ఉంటుంది? ఆమెకే ట్యూబెక్టమీ (ఆడవాళ్ల ఆపరేషన్) అయి ఉంటే అది వేరే కథ, వేరే డాక్టర్, ఇక్కడ రాసేది దానికి వర్తించదు.

మగవాడి వైపు చూసేవి తక్కువే. వృషణాల సైజు చేత్తో చూస్తారు, ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్ హార్మోన్ల రక్త పరీక్షలు రాస్తారు. పాత ఆపరేషన్ కాగితాలు తీసుకెళ్లండి. మూడు నెలల తర్వాత వీర్య పరీక్షలో సున్నా వచ్చాక ఇచ్చిన సర్టిఫికెట్ నా దగ్గర ఇంకా ఉంది, గోద్రెజ్ బీరువాలో పొలం పాసుబుక్కు కింద. డేటు కచ్చితంగా తెలియడం డాక్టర్‌కు పనికొచ్చింది.

జిమ్ కుర్రాళ్లకు ఒక మాట. కండ కోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వేసుకుంటుంటే ముందే చెప్పేయండి. బయటి నుంచి ఆ హార్మోన్ వస్తే లోపల కణాల తయారీ ఆగిపోతుంది. కలిపాక పైపు తెరుచుకుని ఉంటుంది గానీ నీళ్లుండవు.

రోడ్డు పక్క టెంటు వైద్యులు, పసరు మందులు, "ఆపరేషన్ లేకుండా నాళం తెరుస్తాం" అనే వాట్సాప్ వీడియోలు కూడా నాకు చూపిస్తుంటారు. కోసి కట్టేసిన వైరుకు పైనుంచి వార్నిష్ పూస్తే కరెంటు పోతుందా? నేనైతే అలాంటి వాళ్లకు ఆ పదీ ఇరవై వేలు కూడా మైక్రోస్కోప్ ఉన్న డాక్టర్ కోసం దాచుకోమని చెప్తాను.

డబ్బు సంగతి. మాకు ఆపరేషన్, గది, మత్తు డాక్టర్, టెస్టులు అన్నీ కలిపి లక్షా ముప్పై వేల చిల్లర అయింది. ఇన్సూరెన్స్ కార్డు తీసుకెళ్లి లాభం లేదు. మన దేశంలో హెల్త్ పాలసీల్లో మామూలుగా మినహాయించే వాటిలో సంతాన చికిత్సలతో పాటు ఈ మళ్లీ కలిపే ఆపరేషన్ (రివర్సల్) కూడా పేరు పెట్టి ఉంటుంది. పాలసీ కాగితంలో వెతికితే కనబడుతుంది, నేను భూతద్దం పెట్టి చూశాను. పిల్లల్ని పోగొట్టుకుని వచ్చేవాళ్లు మాత్రం ముందు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో, కుటుంబ సంక్షేమ విభాగంలో అడగండి. 2004 సునామీ తర్వాత పిల్లల్ని కోల్పోయిన తల్లులకు తమిళనాడు ప్రభుత్వమే ఖర్చు పెట్టుకుని ఇలాగే ట్యూబులు మళ్లీ కలిపే ఆపరేషన్లు చేయించింది. అడగడంలో నామోషీ లేదు.

ఆపరేషన్ రోజు

భాగ్యనగర్ రైలెక్కి ముందురోజే సికింద్రాబాద్ చేరాం. పొద్దున ఆరింటి నుంచి మంచినీళ్లు కూడా లేవు. వేసెక్టమీ అప్పుడు క్యాంపులో పావుగంటలో అయిపోయి, ఆటోలో ఇంటికొచ్చి సాయంత్రం టీ తాగాను. అదే లెక్కలో ఇది కూడా గంటలో అయిపోతుందనుకున్నాను. నాలుగు గంటలకు పైగా పట్టింది. నాకు నడుముకు మత్తు ఇచ్చి, నిద్ర మందు కొంచెం ఇచ్చారు. మధ్యమధ్యలో మెలకువ వచ్చేది, మాటలు వినబడేవి. మైక్రోస్కోప్ కింద పని కదా, థియేటర్‌లో ఎవరూ పెద్దగా కదిలినట్టు కూడా అనిపించలేదు.

తర్వాత డాక్టర్ తన ఫోన్‌లో వీడియో చూపించాడు. మనిషికి వేరే ఏదైనా గుర్తుండకపోవచ్చు గానీ నాకు ఆ వీడియో ప్రతి సెకనూ గుర్తుంది. నాళం బయటి మందం రెండు మూడు మిల్లీమీటర్లు, మన ఇంటి వైరింగ్ తీగంత. లోపలి రంధ్రం మాత్రం మిల్లీమీటర్‌లో మూడో వంతు. అంత గోడలో అంత చిన్న చిల్లి. ఆ చిల్లి చుట్టూ లోపలి పొరకు ఒక వరస కుట్లు, బయటి కండకు ఇంకో వరస. లోపలికి వాడే దారం పేరు టెన్-జీరో నైలాన్, వెంట్రుక కన్నా సన్నం. నా షాపులో ఉన్న అతి సన్న గేజ్ వైరు దాని ముందు మోకు. ముడి వేసేటప్పుడు ఆయన వేళ్లు కదులుతున్నట్టే లేవు, పరికరం కొస మాత్రం తిరుగుతోంది. నేను ఇరవై రెండేళ్లుగా జాయింట్లు కొడుతున్నాను. ఎనామిల్ గీకకుండా జాయింట్ కొట్టే కుర్రాళ్లకు ఆ వీడియో చూపించాలనిపించింది.

ఎడమ వైపు నాళం కోయగానే నీళ్లలాంటి ద్రవం వచ్చింది. దాన్ని గాజు పలక మీద పెట్టి పక్కనున్న మైక్రోస్కోప్‌లో చూస్తే కణాలున్నాయి. అది మంచి సూచన, అక్కడ మామూలు కుట్టే వేశారు. కుడి వైపు టూత్‌పేస్ట్‌లా చిక్కగా వచ్చింది, చూస్తే ఒక్క కణం లేదు. ఆ వైపు అడ్డం కిందకు దిగిపోయింది. అక్కడ ఎపిడిడిమిస్‌కే కలపాల్సి వచ్చింది, ఆలస్యమంతా దానికే. రెండో డాక్టర్ దగ్గర చేయించుకుని ఉంటే ఆ కుడి వైపు ఏమయ్యేదో నాకు తెలుసు.

ఇంటికొచ్చాక

మొదటి రెండు రోజులు ఐస్ ప్యాక్, గుడ్డ చుట్టి, పదిహేను నిమిషాలు పెట్టి తీయడం. నేరుగా చర్మానికి తగలనివ్వొద్దు. బిగుతుగా పట్టుకునే స్క్రోటల్ సపోర్ట్ పగలూ రాత్రీ నెల రోజులు, మా తాతయ్య కట్టుకునే లంగోటాకు ఇది కొత్త అవతారం. లుంగీ మాత్రమే కట్టుకుని వదులుగా తిరగొద్దు. నాలుగు వారాలు భార్యాభర్తల కలయిక లేదు, ఇంకే రకంగానూ వీర్యం బయటికి పోకూడదు. కుట్టు మీద ఒత్తిడి పడి లీక్ అయితే అక్కడే మచ్చ కట్టి మళ్లీ మూసుకుంటుంది. బైకు, గుంతల రోడ్డు, బరువులు, నెల దాటే దాకా వద్దు.

ఇవన్నీ నాకు కాగితం మీద రాసిచ్చారు. పన్నెండో రోజు షాపుకు వెళ్లాను, ఊరికే కూర్చుంటానని. ఒక రైతు అయిదు హెచ్‌పీ మోనోబ్లాక్ తెచ్చి ఆటోలోంచి దించలేక ఇబ్బంది పడుతుంటే చెయ్యి వేశాను. అలవాటు, ఆలోచన కూడా రాలేదు. రాత్రికి కుడి వైపు నిమ్మకాయంత వాచింది. ఫోన్‌లో డాక్టర్ తిట్టిన తిట్లు మా ఆమె కూడా వింది. స్కాన్ చేస్తే లోపల కొంచెం రక్తం చేరింది. తగ్గడానికి మూడు వారాలు పట్టింది. ఆ కుడి వైపు కుట్టు నిలిచిందో లేదో కచ్చితంగా చెప్పలేనని ఆయన తర్వాత అన్నాడు. షాపులో పనివాడుంటే వాడి మీద వదిలేయండి, లేకపోతే షట్టర్ దించేయండి. నాలుగు వారాల గిరాకీ పోతే పోనీ.

వీర్య పరీక్షలకు నేను నాలుగు విషయాలు కష్టపడి నేర్చుకున్నాను. ఇచ్చే ముందు రెండు నుంచి ఏడు రోజులు ఆగాలి. ఇంట్లో తీస్తే గంటలోపు, ఒంటి వెచ్చదనంలో పెట్టుకుని ల్యాబ్‌కు చేర్చాలి. సబ్బు, నూనె, మామూలు కండోమ్ వాడకూడదు. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి, లేకపోతే అంకెలు పోల్చలేం.

మొదటి రిపోర్టు ఆరు వారాలకు. మిల్లీలీటర్‌కు 20 లక్షల కణాలు, కదిలేవి 5 శాతం. మామూలు మనిషికి కింది హద్దుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టింది 1 కోటి 60 లక్షలు, కదలిక 42 శాతం. నాకు ఏడుపొచ్చింది. డాక్టర్ మాత్రం స్వీటు తినిపించినంత సంతోషంగా ఫోన్‌లో మాట్లాడాడు, "దారి తెరుచుకుంది, మిగతాది టైం చూసుకుంటుంది" అని. మూడు నెలలకు 60 లక్షలు, కదలిక 18. ఆరు నెలలకు 1 కోటి 40 లక్షలు, కదలిక 31. మొదట్లో కదలిక తక్కువ ఉండటం మామూలే, ఏళ్ల తరబడి మూసి ఉన్న దారి కదా.

ఆరో నెలలో కణాలను ఫ్రీజ్ చేయించాం. ఇది చాలామంది దండగ అనుకుంటారు. కలిసిన నాళం కొందరిలో నెలల తర్వాత మచ్చ కట్టి మెల్లగా మూసుకుంటుంది. అంకె పైకి వచ్చి మళ్లీ పడిపోతుంది. ముందే దాచి ఉంటే అప్పుడు ఇక్సీకి మళ్లీ సూది గుచ్చించుకోనక్కర్లేదు. అందుకే రిపోర్టు బాగుందని టెస్టులు ఆపొద్దు, గర్భం నిలిచే దాకా రెండు మూడు నెలలకోసారి చేయిస్తూ ఉండాలి.

ఎదురుచూడటం గురించి రాయాలంటే ఇంకో పుస్తకం అవుతుంది. నెలనెలా ఆమె క్యాలెండర్‌లో చిన్న చుక్క పెట్టేది. నేను చూడనట్టు నటించేవాణ్ని. అత్తగారు ఫోన్ చేసి అన్నం తిన్నారా అని అడిగితే దాని వెనక ఏమడుగుతుందో ఇద్దరికీ తెలిసేది. సగటున ఏడాది పడుతుందని డాక్టర్ ముందే చెప్పాడు గానీ, ఏడాది అంటే పన్నెండు నెలలని ఎనిమిదో నెలలో అర్థమవుతుంది. మా పెద్దమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. ఒకరోజు తనే, "నాన్నా, తమ్ముడో చెల్లో వస్తే నా గదిలోనే పడుకోబెట్టుకుంటా" అంది. ఎవరు చెప్పారో తెలియదు. ఇంట్లో పెద్ద పిల్లలుంటే వాళ్లకు దాచి చేయాలనుకోకండి, వాళ్లకు ముందే తెలిసిపోతుంది.

2024 అక్టోబర్‌లో, పద్నాలుగో నెలలో, గర్భం నిలిచింది. అప్పటికి ఇక్సీ కోసం ఒక డేటు కూడా అడిగి పెట్టుకున్నాం. ఏడాదిన్నరకు ఏమీ కాకపోతే అటు వెళ్దామని ముందే ఒప్పందం. ఈ ఒప్పందం ఆపరేషన్‌కు ముందే చేసుకోండి, ఏ నెల దాకా ఆగుతాం, ఎంత డబ్బు దాకా వెళ్తాం అని. మధ్యలో కూర్చుని నిర్ణయించుకోవాలంటే గొడవలవుతాయి.

2025 జూన్‌లో పాప పుట్టింది. నెలన్నరకు ఆశా వదిన టీకాల కార్డు చూడటానికి ఇంటికి వచ్చింది, పన్లో పనిగా రిజిస్టర్ తెరిచి, "ఈసారి ఎవరి పేరు రాసుకోను?" అంది. నాళం తెరిచి ఉంది కాబట్టి అడగాల్సిన ప్రశ్నే. చాలామంది కలిపించుకున్నాక ఈ సంగతి మరిచిపోయి రెండో నెలలోనే మళ్లీ కంగారు పడతారు. మా ఆమె నా వంక చూసింది. నేను రిజిస్టర్ వంక చూశాను. "ఇప్పటికి కండోమ్ ప్యాకెట్లు ఇచ్చి పో వదినా, ఆ పేజీ తర్వాత రాద్దం" అన్నాను.